ఎడారి ఒడ్డున వెలసిన రాజ్యాలు



ఈ రోజు పాఠాన్ని ఒక పొడుపుకథలాంటి ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక రాజు ఉన్నాడు. ఆయన ఏలుబడిలో బంగారు గనులు లేవు. ఉప్పు గనులూ లేవు. సరకు మోసే ఒంటెలు ఆయనవి కావు. దూరదేశాల నుంచి వచ్చే వ్యాపారులు ఆయన మతస్థులు కారు, ఆయన భాషవాళ్లూ కారు. అయినా 10వ శతాబ్దంలో ఇబ్న్ హౌకల్ అనే అరబ్బు యాత్రికుడు ఆ రాజును భూమ్మీద ఉన్న రాజులందరిలోకీ సంపన్నుడిగా వర్ణించాడు. ఆ రాజ్యం పేరు ఘనా. ఏ గనీ చేతిలో లేని రాజు అంత సంపన్నుడు ఎలా అయ్యాడు?

నేను చాలా ఏళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి. సైన్సు మాస్టారికి చరిత్ర పాఠంతో పనేమిటని మీకు అనిపించవచ్చు. కానీ ఈ రాజ్యాల కథ యుద్ధాలతో మొదలు కాదు. వానతో, ఒంటె శరీరంతో, ఒక చిన్న ఈగతో, మన చెమటలోని ఉప్పుతో మొదలవుతుంది. అందుకే ఈ పాఠం చెప్పాలనిపించింది.

ముందు ఒక గందరగోళం తొలగించుకుందాం. నేను చెప్పే ఘనా, ఇప్పుడు అట్లాసులో కనిపించే ఘనా దేశం ఒకటి కావు. పాత రాజ్యం ఇప్పటి మారిటేనియా ఆగ్నేయ భాగంలో, మాలి పశ్చిమ భాగంలో ఉండేది. దాన్ని ఏలినవారు సోనింకే ప్రజలు. వాళ్లు తమ రాజ్యాన్ని వగదు అనేవారు. ఘనా అన్నది రాజుకు ఉన్న బిరుదు. 1957లో స్వాతంత్ర్యం పొందిన గోల్డ్ కోస్ట్ దేశం ఆ పాత గౌరవాన్ని గుర్తుచేసుకుంటూ ఆ పేరు పెట్టుకుంది.

ఎడారికీ ఒడ్డు ఉంటుంది

ఆఫ్రికా పటం ఒకసారి తీయండి. ఉత్తరాన సహారా ఎడారి ఉంది. దాని విస్తీర్ణం సుమారు 90 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశం లాంటివి రెండున్నర దేశాలు అందులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఎడారి నుంచి దక్షిణానికి వస్తున్నకొద్దీ వాన పెరుగుతుంది. మొదట ఏడాదికి 100, 200 మిల్లీమీటర్లు. అక్కడ ముళ్లపొదలు, మేకలు, ఒంటెలు. తరువాత 500, 600 మిల్లీమీటర్లు. అంటే ఇంచుమించు మన అనంతపురం వాన. అక్కడ సజ్జ పండుతుంది. ఇంకా దిగువకు పోతే పచ్చిక మైదానాలు, ఆ తరువాత దట్టమైన అడవులు.

ఎడారికీ పచ్చికకూ మధ్య అట్లాంటిక్ నుంచి ఎర్ర సముద్రం వైపు పరచుకున్న ఈ పట్టీని సాహెల్ అంటారు. అరబ్బీలో సాహిల్ అంటే ఒడ్డు. ఇసుకను సముద్రంగా భావిస్తే, బిడారులు ఓడలవుతాయి, ఎడారి అంచున ఉన్న ఊళ్లు రేవులవుతాయి. ఈ మాట మనసులో ఉంచుకుంటే మిగతా పాఠం సులువుగా అర్థమవుతుంది.

ఈ ఒడ్డుకు మనకూ ఒక పాత చుట్టరికం ఉంది. మనం తినే సజ్జ పుట్టిల్లు ఈ ప్రాంతమే. మాలి దేశంలోని తిలెమ్సి లోయలో సుమారు 4,500 ఏళ్ల క్రితమే సజ్జను సాగుచేసిన ఆనవాళ్లు దొరికాయి. సుమారు 3,700 ఏళ్ల క్రితానికి అది మన దేశానికి చేరింది. కాబట్టి సాహెల్ ప్రజలు బయటివాళ్లు వచ్చి నాగరికత నేర్పేదాకా ఎదురుచూస్తూ కూర్చోలేదు. అరబ్బు బిడారులు రావడానికి రెండున్నర వేల ఏళ్ల ముందే మారిటేనియాలోని తిషీత్ కొండవాలుల మీద రాతి గోడల ఊళ్లు కట్టుకుని, సజ్జ పండించుకుని, పశువులు మేపుకున్నారు.

ఒంటె ఎక్కడ ఆగుతుంది?

ఎడారి దాటాలంటే ఒంటె కావాలి. ఒంటె మూపురంలో నీళ్లుంటాయని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మూపురంలో ఉండేది కొవ్వు. ఒంటె గొప్పతనం వేరే చోట ఉంది. క్నుట్ ష్మిట్ నీల్సన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1953-54లో సహారాలోని బెని అబ్బెస్ దగ్గర ఉండి ఒంటెల మీద పరిశోధనలు చేశాడు. నీళ్లు తాగని ఒంటె తన శరీర ఉష్ణోగ్రతను తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగనిచ్చి, పగలు 41 డిగ్రీల దాకా పెరగనిస్తుంది. అలా చెమటను ఆదా చేస్తుంది. తన బరువులో నాలుగోవంతు నీటిని కోల్పోయినా బతుకుతుంది. మనిషైతే అందులో సగం కోల్పోకముందే ప్రాణాపాయంలో పడతాడు. మళ్లీ నీళ్లు దొరికితే ఒంటె పది పదిహేను నిమిషాల్లో దాదాపు 100 లీటర్లు తాగేయగలదు.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఉత్తర ఆఫ్రికాలో ఒంటెల వాడకం పెరిగింది. 8వ శతాబ్దం నాటికి సహారాకు అడ్డంగా బిడారులు క్రమంగా నడిచాయి. మొరాకో దక్షిణాన 757 ప్రాంతంలో వెలసిన సిజిల్‌మాసా ఉత్తరపు రేవు. అక్కడ బయలుదేరితే దక్షిణపు ఒడ్డుకు రెండు నెలల ప్రయాణం.

మరి ఒంటెను అలాగే బంగారు గనుల దాకా నడిపించుకుపోవచ్చు కదా? పోలేరు. తడి పెరిగిన చోట కుట్టే ఈగలు పెరుగుతాయి. వాటిలో సెట్సీ ఈగ ఒకటి. అది ట్రిపనోసోమా అనే ఏకకణ పరాన్నజీవిని పశువుల రక్తంలోకి ఎక్కిస్తుంది. ఒంటె, గుర్రం ఆ జబ్బుకు తట్టుకోలేవు. కాబట్టి ఒంటె ఒక గీత దగ్గర ఆగిపోతుంది. అక్కడ సరకు దించాలి. గాడిదల మీదకు, పడవల్లోకి, మనుషుల తలల మీదకు ఎక్కించాలి.

ఇదీ అసలు కీలకం. సరకు ఒక వాహనం దిగి మరో వాహనం ఎక్కే చోట మనుషులు ఆగుతారు. ఆగినచోట తిండి, నీళ్లు, గోదాములు, దుబాసీలు, తూకపురాళ్లు, కాపలా కావాలి. ఇవన్నీ ఎవరు చూస్తారో వాళ్లు సుంకం అడగగలరు. ఘనా రాజు చేతిలో గని లేదు. సరకు బరువు మార్చుకునే చోటు ఉంది.

ఉప్పు విలువ ఎంత?

మోసుకొచ్చే సరకుల్లో ముఖ్యమైనది ఉప్పు. పాలు, మాంసం తినే పశువుల కాపరులకు సోడియం ఆ తిండిలోనే చాలావరకు అందుతుంది. సజ్జ సంకటి తిని, ఎండలో చెమటోడ్చే రైతుకు అది చాలదు. పచ్చిక మైదానాల్లో రైతులు బూడిద నుంచి ఉప్పు లాంటిది తీసుకునేవారు, కానీ మంచి ఉప్పు అరుదు. సహారా నడిమధ్యలో మాత్రం పాత సరస్సులు ఎండిపోయిన చోట ఉప్పు పలకలు పలకలుగా ఉంది.

ఆ గనుల్లో పేరుపడ్డది తఘాజా. 1352లో ఇబ్న్ బతూతా సిజిల్‌మాసా నుంచి 25 రోజులు నడిచి అక్కడికి చేరాడు. ఇళ్లు, మసీదు ఉప్పు దిమ్మెలతో కట్టినవేనని, పైకప్పులు ఒంటె చర్మాలని రాశాడు. అక్కడ చెట్టు లేదు, పైరు లేదు. తిండి గింజలు, ఖర్జూరాలు బయటి నుంచి రావలసిందే.

ఉప్పు బరువుకు సమానంగా బంగారం తూచి ఇచ్చేవారని మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. నిజమో కాదో మనమే లెక్క కడదాం. ఇబ్న్ బతూతా ధరలు రాశాడు. ఎడారి అంచున ఉన్న వలాతాలో ఒక ఒంటె మోత ఉప్పు 8 నుంచి 10 మిత్కాళ్ల బంగారం. అక్కడి నుంచి దక్షిణాన మాలి రాజధానికి చేరేసరికి అదే మోత 20 నుంచి 30, ఒక్కోసారి 40 మిత్కాళ్లు. మిత్కాల్ అంటే సుమారు 4.25 గ్రాములు. 30 మిత్కాళ్లంటే దాదాపు 127 గ్రాములు. ఒంటె మోత 130 కిలోలనుకుంటే, ఒక గ్రాము బంగారానికి కిలో ఉప్పు. సమానం మాట అటుంచండి, వెయ్యి రెట్లు తేడా. పుస్తకంలో కనిపించిన ప్రతి మాటనూ ఇలా లెక్కకు పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

అయితే అదే లెక్కలో ఇంకో విషయం దాగి ఉంది. ఎడారి అంచు నుంచి రాజధానికి వెళ్లేలోపు ధర మూడింతలైంది. ఆ తేడాలోనే వ్యాపారి లాభం, కూలి, రాజు సుంకం అన్నీ ఉన్నాయి. రాజ్యం పుట్టేది ఆ తేడాలో.

రాజు వేసిన సుంకం

ఘనా సుంకాల గురించి మనకు చెప్పినవాడు కార్డోబాలో ఉన్న అల్ బక్రీ. 1068 ప్రాంతంలో రాశాడు. తాను ఎడారి దాటలేదు. దాటి వచ్చిన వ్యాపారులను అడిగి రాశాడు. ఆయన ప్రకారం, గాడిద మోత ఉప్పు రాజ్యంలోకి వస్తే రాజుకు ఒక బంగారు దీనారం, రాజ్యం నుంచి బయటికి పోతే రెండు దీనారాలు. రాగి మోతకు 5 మిత్కాళ్లు, ఇతర సరకుల మోతకు 10.

వచ్చేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు రెండు ఎందుకు? ఆలోచించండి. లోపలికి వచ్చే ఉప్పు మీద ఎక్కువ సుంకం వేస్తే బిడారు ఇంకో రేవు వెతుక్కుంటుంది. బయటికి పోయే ఉప్పు దక్షిణాన ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది. లాభం ఎక్కువగా ఉన్నచోట సుంకం ఎక్కువ. ఇది నా ఊహే కానీ, లెక్కకు సరిపోతుంది.

మరో నియమం ఇంకా ఆసక్తికరం. దొరికిన బంగారు ముద్దలన్నీ రాజువి. రజను మాత్రం ప్రజలు ఉంచుకోవచ్చు. లేకపోతే జనం దగ్గర బంగారం పోగుపడి విలువ పడిపోతుందని అల్ బక్రీ వివరించాడు. సరుకు ఎక్కువైతే ధర తగ్గుతుందనే సంగతి ఆ రాజదర్బారుకు బాగా తెలుసు.

ఇది నిజమేనని తరువాత మాలి చక్రవర్తి మాన్సా మూసా ఉదంతం రుజువు చేసింది. 1324లో మక్కా యాత్రకు వెళుతూ ఆయన కైరోలో విపరీతంగా బంగారం పంచిపెట్టాడు. అంతకుముందు అక్కడ ఒక మిత్కాల్ బంగారం 25 వెండి దిర్హాములకు తగ్గేది కాదు. ఆ తరువాత 22కు మించలేదని, 12 ఏళ్లు గడిచినా పరిస్థితి అలాగే ఉందని అల్ ఉమరీ రాశాడు.

సంపాదించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు

సుంకం వసూలు చేయడానికి బలం చాలు. వ్యాపారి మరుసటి ఏడు మళ్లీ రావాలంటే నమ్మకం కావాలి. ఈ రాజులు దాన్ని ఎలా సంపాదించారో చూద్దాం.

మొదటిది, చోటు ఇవ్వడం. ఘనా రాజధాని రెండు ఊళ్లుగా ఉండేదని అల్ బక్రీ రాశాడు. ఒకటి ముస్లిం వ్యాపారుల ఊరు. అందులో 12 మసీదులు. ఆరు మైళ్ల దూరంలో రాజు ఊరు. దాని చుట్టూ పవిత్రమైన వనాలు. రాజు తన పూర్వుల మతాన్నే పాటించాడు. కానీ కోశాధికారిని, దుబాసీలను, మంత్రుల్లో ఎక్కువమందిని ముస్లింల నుంచి తీసుకున్నాడు. రాయడం, లెక్కలు కట్టడం తెలిసినవాళ్లు వాళ్లే.

రెండోది, భద్రత. మాలిలో దారి దోపిడీ భయం లేదని ఇబ్న్ బతూతా మెచ్చుకున్నాడు. పరదేశి అక్కడ చనిపోతే అతని ఆస్తిని ఎవరూ కాజేయరట. అసలు వారసుడు వచ్చేదాకా నమ్మకస్తుడి దగ్గర ఉంచుతారట. తన సొమ్ము తన పిల్లలకు చేరుతుందనే ధీమా ఉన్నప్పుడే వ్యాపారి రెండు నెలల ఎడారికి సిద్ధపడతాడు. అలాంటి ధీమా ఉన్నచోట అప్పులూ పుడతాయి. అవ్‌దఘోస్త్ పట్టణపు వ్యాపారి ఒకడు 42,000 దీనారాలకు రాసిచ్చిన రుణపత్రాన్ని తాను చూశానని ఇబ్న్ హౌకల్ రాశాడు.

మూడోది, అత్యాశ పడకపోవడం. బంబుక్, బురే ప్రాంతాల బంగారు క్షేత్రాలు దక్షిణాన ఉన్నాయి. మాలి చక్రవర్తులకు వాటిని ఆక్రమించే సైన్యం ఉంది. కానీ ఆ ఊళ్లను జయించి మతం మార్పిస్తే బంగారం రాబడి తగ్గిపోయిందని, అందుకే వాళ్లను వాళ్ల మానాన వదిలి కప్పంతో సరిపెట్టుకున్నారని అల్ ఉమరీ చెబుతాడు.

నాలుగోది, గుర్రం. సుంకపు సొమ్ముతో ఉత్తరం నుంచి గుర్రాలు కొన్నారు. మైదానంలో అశ్వదళానికి ఎదురులేదు. వ్యాపారం గుర్రాన్ని ఇచ్చింది. గుర్రం వ్యాపార మార్గాన్ని కాపాడింది. ఈ చక్రం తిరిగినంత కాలం రాజ్యం నిలిచింది.

ఈ మార్కెట్లకు హిందూ మహాసముద్రం నుంచి కూడా సరకు చేరింది. ఇబ్న్ బతూతా మాల్దీవుల్లో గవ్వలను చూశాడు. అక్కడ నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారం. 1353లో నైజర్ నది ఒడ్డున గావో పట్టణంలో అవే గవ్వలు చిల్లర డబ్బుగా చెల్లుతున్నాయి. అక్కడ 1,150 గవ్వలకే ఒక దీనారం. మన అష్టాచెమ్మా గవ్వ ఎంత దూరం నడిచిందో చూడండి.

ఈ బరువు ఎవరు మోశారు?

ఇంతవరకు రాజుల తెలివి గురించి చెప్పాను. ఇక్కడితో ఆపితే నేను మీకు అర్ధసత్యం చెప్పినవాణ్ణవుతాను.

తఘాజాలో ఉప్పు తవ్వినవాళ్లు బానిసలు. బయటి నుంచి గింజలు రాకపోతే వాళ్లకు తిండి లేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లిన సరకుల్లో బంగారంతోపాటు మనుషులు కూడా ఉన్నారు. గుర్రాల ధర తరచుగా బానిసలతో చెల్లించేవారు. ఇబ్న్ బతూతా తిరుగు ప్రయాణంలో చేరిన బిడారులో సుమారు 600 మంది బానిస స్త్రీలు ఉన్నారు. ఆయన ఆ సంఖ్య రాశాడు. వాళ్లలో ఒక్కరి పేరూ రాయలేదు.

దారి చూపేవాళ్లూ ప్రాణాలు పణంగా పెట్టేవారు. బిడారు వలాతాకు చేరకముందే ఒక మనిషిని ఒంటరిగా ముందుకు పంపేవారు. అతణ్ణి తక్షీఫ్ అనేవారు. అతను వలాతా చేరి ఉత్తరాలిస్తే, ఊరివాళ్లు నాలుగు రాత్రుల దూరం ఎదురొచ్చి నీళ్లు అందించేవారు. అతను దారిలో చనిపోతే ఊరికి కబురు అందదు. బిడారులో చాలామంది దాహంతో చనిపోయేవారు. అల్ బక్రీ రాసిన ఒక్కొక్క దీనారం వెనుక ఇలాంటి మనుషులు ఉన్నారు.

దారి మారితే రాజ్యం మారుతుంది

ఒడ్డున నిలబడి సంపాదించే అధికారానికి ఒక బలహీనత ఉంది. ఓడ ఇంకో రేవుకు పోతే ఈ రేవు పాడుపడుతుంది.

1054-55లో అల్మొరావిద్ సేనలు అవ్‌దఘోస్త్‌ను పట్టుకున్నాయి. ఘనా చేతి నుంచి ఒక ముఖ్యమైన రేవు జారింది. 1076లో వాళ్లు ఘనాను కూడా జయించారని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది దాన్ని అంగీకరించరు. 13వ శతాబ్దం నాటికి వ్యాపారులు వలాతాకు తరలిపోయారు. 1235 ప్రాంతంలో సుండియాటా కిరినా యుద్ధంలో గెలిచి మాలి సామ్రాజ్యానికి పునాది వేశాడు. బురే బంగారానికి, నైజర్ నదికి మాలి ఇంకా దగ్గర. 15వ శతాబ్దంలో గావో కేంద్రంగా సోంఘాయ్ పెరిగింది. సున్నీ అలీ కాలంలో టింబక్టు, జెన్నే పట్టణాలు వాళ్ల చేతిలోకి వచ్చాయి.

తరువాతి మార్పు నిజమైన సముద్రం వైపు నుంచి వచ్చింది. పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా తీరం వెంట దిగుతూ 1482లో ఎల్మినా దగ్గర కోట కట్టారు. దక్షిణపు బంగారంలో కొంత భాగం ఎడారి మొహం చూడకుండా ఓడలెక్కడం మొదలైంది. 1591లో మొరాకో సైన్యం తుపాకులతో ఎడారి దాటి వచ్చి తొందిబి దగ్గర సోంఘాయ్‌ను ఓడించింది. ఎడారి వ్యాపారం ఆ తరువాత కూడా సాగింది. కానీ ఒడ్డున ఉన్న పెద్ద సామ్రాజ్యాల కాలం ముగిసింది.

వ్యాపారమే అన్నీ చేసిందా?

చివరగా ఒక జాగ్రత్త. ఉత్తరం నుంచి వచ్చిన వ్యాపారులే ఈ రాజ్యాలను పుట్టించారని వలస పాలన కాలంలో కొందరు పండితులు రాశారు. తవ్వకాలు ఆ మాటను తోసిపుచ్చాయి. 1977 నుంచి రాడరిక్, సుసాన్ మెకింటాష్ దంపతులు మాలిలోని జెన్నే జెనో దిబ్బను తవ్వారు. క్రీస్తుపూర్వం 250 ప్రాంతంలోనే అక్కడ ఊరు వెలసింది. ఆ వరద మైదానంలో రాయి దొరకదు, ఇనుప ఖనిజం దొరకదు. అయినా రెండూ తవ్వకాల్లో కనిపించాయి. అంటే దూరపు ఊళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం అప్పటికే ఉంది. చేపలు, ధాన్యం, ఇనుము చేతులు మారుతున్న ఆ పాత సంతల మీదికే ఒంటెల బిడారు తరువాత వచ్చి చేరింది. ఎడారి వ్యాపారం రాజ్యాలను పెంచింది. వాటి వేళ్లు మాత్రం స్థానిక నేలలోనే ఉన్నాయి.

విద్యార్థులారా, మనం మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలం. ఘనా రాజు ఇద్దరికి అవసరమైన చోట నిలబడ్డాడు. ఉప్పు ఉన్నవాడికి బంగారం కావాలి, బంగారం ఉన్నవాడికి ఉప్పు కావాలి. ఇద్దరూ కలిసే చోటును క్షేమంగా ఉంచి, అందుకు ధర తీసుకున్నాడు.

ఈ వారం మీకు ఒక చిన్న పని. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో సరకు ఒక బండి దిగి మరో బండి ఎక్కే చోటు ఒకటి వెతకండి. మార్కెట్ యార్డు కావచ్చు, రైల్వే గూడ్స్ షెడ్డు కావచ్చు, చేపల రేవు కావచ్చు. ఒక పూట అక్కడ నిలబడి చూడండి. తూకం ఎవరిది, అక్కడ ఎవరికి ఏమి ముడుతోంది, మూట మోసేవాడికి ఎంత దక్కుతోంది అని రాసుకోండి. ఆ కాగితంతో మీ తరగతికి వెళ్లి ఈ పాఠాన్ని మళ్లీ చర్చించండి. పాఠంలోని ఘనా మీకు అప్పుడు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది.